వాళ్లు విడిపోతే నేనెందుకు ఏడ్చాను?

ఒక పాఠకురాలు తన పేరూ ఊరూ రాయొద్దని కోరుతూ పొడవైన ఉత్తరం పంపారు. మొత్తం ఇవ్వడానికి చోటు చాలదు కాబట్టి ముఖ్యమైన సంగతులు కుదించి చెబుతున్నాను. అక్కడక్కడ ఆమె మాటలే ఉంచాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో భర్త, ఐదేళ్ల బాబు. బాబు పుట్టిన కొత్తలో భర్తకు రాత్రి షిఫ్టులు ఉండేవి. పిల్లాడిని ఒళ్లో వేసుకుని, నిద్ర లేక ఫోన్ చూస్తూ కూర్చునేవారు. అలా ఒక భార్యాభర్తల ఛానెల్ కంటపడింది. ఇద్దరూ సోఫాలో కూర్చుని తమ కాపురం గురించే మాట్లాడుకుంటారు. గొడవ ముదిరినప్పుడు ఎలా ఆగాలి, డబ్బు విషయాలు ఎలా చర్చించుకోవాలి, బయటివాళ్ల ముందు ఒకరినొకరు ఎలా వెనకేసుకురావాలి, ఇలాంటివి. "వాళ్ల గొంతు వింటుంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుండేది" అని రాశారు.

తర్వాత మరికొందరు తోడయ్యారు. అలవాట్ల గురించి చెప్పే ఒకావిడ, పొదుపు గురించి చెప్పే ఒకతను, టాక్సిక్ మనుషుల్ని ఎలా గుర్తుపట్టాలో నిమిషం వీడియోల్లో చెప్పే ఇంకొకామె. నచ్చిన మాటలన్నీ ఈమె ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చారు. దానివల్ల మేలు జరిగిన మాట నిజం. పొద్దున్నే నడక మొదలుపెట్టారు. జీతం రాగానే కొంత పక్కన పెట్టడం అలవాటైంది. "మీటింగుల్లో నోరు విప్పేదాన్ని కాదు. ఇప్పుడు నా పని గురించి నేనే చెప్పుకుంటున్నాను. జీతం పెంచమని మొదటిసారి అడిగాను, పెంచారు కూడా."

రెండో వైపు ఇది. చదువుకునే రోజుల నుంచీ ఉన్న ఒక స్నేహితురాలు. ఫోన్ ఎప్పుడూ తనే చేస్తున్నానని, అవతలి నుంచి రావడం లేదని ఈమెకు మనసులో ఉండేది. ఒక వీడియోలో "నువ్వు ఫోన్ చేయడం మానేసి చూడు. తనూ చేయకపోతే ఆ స్నేహం ఎప్పుడో పోయినట్టే" అన్నారు. మానేశారు. రెండు నెలలు ఫోన్ రాలేదు. ఆ తర్వాత "ఎలా ఉన్నావే, నీతో మాట్లాడాలి" అని మెసేజ్ వచ్చింది. దానికి ఈమె, వీడియోలో విన్న మాటలే కూర్చి, తన మనశ్శాంతిని కాపాడుకుంటున్నాననీ, ఒక వైపు నుంచే సాగే స్నేహాలకు ఇక చోటు లేదనీ పెద్ద జవాబు పంపారు. మళ్లీ అవతలి నుంచి ఏమీ రాలేదు. ఏడాదిన్నర గడిచింది. ఈమధ్య ఇంకొకరి ద్వారా తెలిసిందేమిటంటే, ఆ రెండు నెలలూ స్నేహితురాలు ఆస్పత్రిలో తల్లి మంచం పక్కన ఉంది. తర్వాత ఆవిడ చనిపోయారు.

ఇంట్లో కూడా ఒక చిక్కు. ఆ జంటను చూసి ఈమె ప్రతి ఆదివారం భర్తను కూర్చోబెట్టి "ఈ వారం మన మధ్య ఏం బాగుంది, ఏం బాగాలేదు" అని మాట్లాడించేవారు. మొదట్లో ఆయనా ఉత్సాహంగానే కూర్చున్నారు. రానురాను ముభావంగా ఉంటూ ఒకరోజు "నువ్వు నాతో మాట్లాడుతున్నావా, వీడియోలో మాటలు అప్పజెబుతున్నావా?" అనేశారు.

ఇంతలో, కిందటి నెల, ఆ జంట విడిపోతున్నామని చెప్పింది. చిన్న వీడియో. కారణాలు చెప్పలేదు. ఈమె ఆ రాత్రంతా ఏడ్చారు. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. "మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదనిపించి సిగ్గేసింది. అన్నీ తెలిసిన వాళ్లే విడిపోతే ఇక మా సంగతేంటి? నేను నేర్చుకున్నదంతా అబద్ధమేనా? నోట్‌బుక్ చించేయనా? ఫోన్‌లోంచి అవన్నీ తీసేయనా? నా స్నేహితురాలికి ఏ మొహంతో ఫోన్ చేయను? విడిపోయిన ఆమెకు ఒక మెసేజ్ పెట్టాలనుంది, పెట్టొచ్చా?" అని అడిగారు.

*

మీరు అడిగినవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి గానీ, అన్నిటికీ జవాబు ఒకటే కాదు. ముందు ఏడుపు సంగతి చూద్దాం. దానికి సిగ్గుపడుతున్నంతసేపూ మిగతావి మీకు సరిగ్గా కనపడవు.

డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లో ఒక వ్యాసం రాశారు. రేడియోలో, టీవీలో మాట్లాడే మనిషి నేరుగా మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటాడు. రోజూ అదే వేళకు వస్తాడు. అతని అలవాట్లు, జోకులు మనకు తెలిసిపోతాయి. మనం ఉన్నామని అతనికి తెలియకపోయినా, అతను మనకు దగ్గరివాడైపోతాడు. ఇలా ఒక వైపు నుంచే సాగే బంధానికి వాళ్లు పారాసోషల్ అని పేరు పెట్టారు. అప్పట్లో టీవీ గదిలో ఒక మూలన ఉండేది. ఇప్పుడు ఆ మనిషి మీ చేతిలో ఉంటారు, చెవిలో మాట్లాడతారు, మీ కామెంట్ కింద ఒక హార్ట్ కూడా పెడతారు. ఇలాంటి బంధం తెగినప్పుడు మనుషులు ఎంత బాధపడతారో కూడా తర్వాతి పరిశోధకులు చూశారు. దగ్గరివాళ్లు దూరమైతే కలిగే బాధ లాంటిదే, సాధారణంగా దానికన్నా తక్కువ మోతాదులో ఉంటుందని తేలింది.

మీ విషయంలో మోతాదు ఎందుకు పెరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. బాబు పసివాడు, ఆయన షిఫ్టులో ఉన్నారు, మీరు ఒక్కరే మేలుకుని ఉన్నారు. ఆ రాత్రుల్లో మీకు తోడు ఆ రెండు గొంతులే. వాళ్లు విడిపోయామనగానే ఆ రోజులన్నీ ఒక్కసారి పైకి వచ్చి ఉంటాయి. అప్పుడు ఏడవడానికి మీకు తీరికెక్కడిది? ఇక అమ్మమ్మతో పోలిక వదిలేయండి. ఏ మరణానికి ఎంత ఏడ్చామన్నది ప్రేమకు లెక్క కాదు. కొన్నిసార్లు దగ్గరివాళ్లు పోయినప్పుడు చేయాల్సిన పనుల్లో పడి ఏడుపే రాదు.

నేను ఆగిపోయిన వాక్యం మరొకటి ఉంది. "అన్నీ తెలిసిన వాళ్లే విడిపోతే ఇక మా సంగతేంటి?" ఏడుపు కన్నా నాకు ఇదే ముఖ్యంగా తోచింది. లియోన్ ఫెస్టింజర్ అనే సైకాలజిస్ట్ 1954లో ఒక సంగతి చెప్పారు. దేన్నైనా కొలవడానికి సరైన కొలబద్ద లేనప్పుడు మనుషులు పక్కవాళ్లను చూసి తమను తాము కొలుచుకుంటారని. కాపురానికి కొలబద్ద ఎక్కడుంది? అందుకని మీరు ఐదేళ్లుగా ఆ జంటను పక్కన నిలబెట్టుకుని చూసుకున్నారు. వాళ్లు బాగున్నన్నాళ్లూ "మేం అంత బాగా లేం" అనిపించింది. విడిపోగానే "మేమూ నిలబడం" అనిపిస్తోంది. పోలిక రెండుసార్లూ మీకు నష్టమే చేసింది. మీరూ మీ ఆయనా ఈ ఐదేళ్లలో షిఫ్టులు, పసిబిడ్డ, ఉద్యోగం అన్నీ నెట్టుకొచ్చారు. ఆ జంట వార్త వల్ల అందులో ఒక్క రోజు కూడా మారలేదు.

మరి వాళ్లు అబద్ధం చెప్పారా? నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలియకుండానే ఉండిపోవచ్చు కూడా. కానీ మనకు తెలిసినది కొంత ఉంది. వాళ్ల వీడియో పది నిమిషాలో పావుగంటో ఉంటుంది. రోజులో మిగతా సమయం కెమెరా బయటే ఉంటుంది. గొడవ గురించి వాళ్లు చేసిన వీడియో, గొడవ చల్లారాక, లైట్లు పెట్టుకుని తీసింది. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ చల్లారని గొడవ మీద ఎవరూ వీడియో చేయరు కదా. పైగా అది వాళ్లకు జీవనాధారం. కలిసి ఉన్న జంటగా కనపడటం మీదే ఆదాయం నడుస్తున్నప్పుడు, పొరపొచ్చాలు వచ్చాయని ముందుగా చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి.

2015లో ఎసెనా ఓనీల్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షలమంది ఫాలోవర్లు ఉండగానే, వేల ఫొటోలు తీసేసి, మిగిలిన వాటి కింద రాతలు మార్చేసింది. ఈ ఫొటో కోసం ఎన్నిసార్లు తీశారో, దీనికి డబ్బు ఎవరిచ్చారో, ఆ రోజు నిజంగా తన మనసు ఎలా ఉందో రాసింది. సోషల్ మీడియా నిజ జీవితం కాదని చెప్పింది. ఆ మాట చెప్పడానికి కూడా ఆమె వీడియోనే చేయాల్సి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఆమె చూపించినది అలంకరణ. దానికీ మోసానికీ తేడా ఉంది. అదే దేశంలో బెల్ గిబ్సన్ అనే ఆవిడ తనకు మెదడు క్యాన్సర్ ఉందనీ, తిండి మార్చుకుని తగ్గించుకుంటున్నాననీ చెప్పి యాప్ అమ్మింది, పుస్తకం వేయించింది. అసలు క్యాన్సరే లేదని 2015లో ఒప్పుకుంది. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆమెకు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆమె దగ్గర నేర్చుకున్న పాఠాన్ని చించేయాల్సిందే, ఎందుకంటే ఆ పాఠానికి ఆధారమే లేదు. మీ జంట విషయంలో అలాంటిదేమీ బయటపడలేదు. ఇద్దరు మనుషులు కొన్నేళ్లు కలిసి ఉన్నారు, తర్వాత ఉండలేకపోయారు. గొడవలో కాస్త ఆగి మాట్లాడమని వాళ్లు చెప్పిన మాట, వాళ్లు విడిపోయినా చెడ్డ మాట అయిపోదు. ఆ ఒక్క మాటతో కాపురం నిలబడిపోతుందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

కాబట్టి నోట్‌బుక్ చించొద్దు. ఒకరోజు తీరిగ్గా కూర్చుని మొదటి పేజీ నుంచి చదవండి. ఒక్కో మాట దగ్గరా ఒక్కటే చూసుకోండి. ఇది నా గురించా, ఇంకొకరి గురించా?

మీ గురించి ఉన్నవి తేలిక. నడక, పొదుపు, మీటింగులో మాట్లాడటం. వాటిని చెప్పింది ఎవరైనా, పరీక్షించింది మీరు. పనిచేస్తే ఉంచుకున్నారు, చేయకపోతే వదిలేసి ఉంటారు. జీతం పెంచమని అడిగిన గొంతు మీది. ఆ వీడియో చేసినామె రేపు ఉద్యోగం పోగొట్టుకున్నా మీ జీతం తగ్గదు. వీటి మీద ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ఒక్క డబ్బు పాఠాల దగ్గర మాత్రం కాస్త ఆగండి. పక్కన పెట్టుకోమని చెప్పినంతవరకూ ఫరవాలేదు. ఫలానా చోట పెట్టమని చెప్పినప్పుడు, ఆ మాట చెప్పినందుకు అతనికి ఏమైనా ముడుతోందా అని చూడాలి. డబ్బు తీసుకుని చెప్పే సంగతిని తీసుకున్నామని చెప్పి తీరాలన్న నియమాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. భారత ప్రభుత్వం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫ్రాన్స్ అదే ఏడాది ఏకంగా చట్టమే చేసింది. ఆ చిన్న అక్షరాలు ఎక్కడో ఒక మూల ఉంటాయి. వెతకండి.

చిక్కంతా రెండో రకంతో. "ఫోన్ చేయని స్నేహితురాలు స్నేహితురాలు కాదు." "ఇలా మాట్లాడే భర్త మిమ్మల్ని తక్కువ చేస్తున్నట్టే." "ఈ ఐదు లక్షణాలుంటే అతను నార్సిసిస్ట్, అంటే తనను తప్ప ఎవర్నీ పట్టించుకోని మనిషి." ఇవి మీరు మీ మీద ప్రయోగించి చూసుకునే మాటలు కావు. ఇంకో మనిషి మీద ఇచ్చే తీర్పులు. ఆ తీర్పు ఇచ్చినామె మీ స్నేహితురాలిని ఎప్పుడూ చూడలేదు. ఆమె తల్లికి ఒంట్లో బాగాలేదని తెలియదు. ఆమె పేరు కూడా తెలియదు.

చదువుకున్న డాక్టర్లే ఈ పని చేయకూడదని నియమం పెట్టుకున్నారు. 1964లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన బ్యారీ గోల్డ్‌వాటర్ మానసిక స్థితి గురించి ఒక పత్రిక సైకియాట్రిస్టులను అడిగి, వాళ్ల అభిప్రాయాలు అచ్చు వేసింది. అంతమందిలో ఆయనను పరీక్షించినవాళ్లు లేరు. పెద్ద దుమారం రేగింది. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, తాము స్వయంగా పరీక్షించని మనిషి గురించి, ఆ మనిషి అనుమతి లేకుండా, వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదని నియమం చేసింది. ఏళ్ల తరబడి చదివినవాళ్లకే అది తగదనుకున్నప్పుడు, నిమిషం వీడియోకి ఆ అధికారం ఎక్కడిది? ఇందులో అన్యాయం ఏమిటంటే, వీడియోలో తీర్పు చెప్పినామెకు ఏమీ కాలేదు. దాన్ని అమలు చేసింది మీరు, నష్టపోయింది మీరిద్దరూ.

"ఒక్కరు చెబితే నమ్మేదాన్ని కాదు, అందరూ అదే చెప్పారు" అని మీరు అనుకోవచ్చు. ఆ అందరూ ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. 2012లో యూట్యూబ్ తన సిఫారసుల పద్ధతి మార్చి, ఎంతమంది క్లిక్ చేశారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు చిన్న వీడియోలు చూపించే యాప్‌లన్నీ ఇంచుమించు అదే దారిలో నడుస్తున్నాయి. స్నేహితురాలు ఫోన్ చేయలేదని మనసు నొచ్చుకుని ఉన్న రోజున మీరు అలాంటి ఒక వీడియో చివరిదాకా చూశారు. యాప్ అది గుర్తుపెట్టుకుని అలాంటివే ఇంకో పది తెచ్చింది. మీకు పదిమంది పెద్దమనుషులు ఒకే మాట అన్నట్టు అనిపించింది. నిజానికి ఆ పదీ మీ ఒక్క నొప్పి దగ్గర నుంచి పుట్టినవే. "ఆమెకి ఏదైనా కష్టం వచ్చిందేమో కనుక్కో" అని చెప్పే వీడియో కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. మీ దాకా రాలేదు.

ఇదంతా చెప్పింది మీ బాధ్యత తగ్గించడానికి కాదు. ఆ జవాబు రాసింది మీరే. కానీ "నేను చెడ్డదాన్ని" అనుకుంటూ కూర్చుంటే మీరు మళ్లీ మీ గురించే ఆలోచిస్తున్నట్టు. ఇప్పుడు ఆలోచించాల్సింది ఆమె గురించి. మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఫోన్ చేయొచ్చు. మీ గొంతు వినగానే ఆమెకు కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు, ఎత్తకపోనూవచ్చు. తల్లి పోయిన మనిషికి, సిద్ధంగా లేని సమయంలో పాత గాయం ఎదురైనట్టుంటుంది. మీ ఇద్దరికీ ఇదివరకు ఫోన్‌లో గొడవపడి ఫోన్‌లోనే సర్దుకున్న అలవాటుంటే ఇది మంచి దారే.

చిన్న ఉత్తరమో మెసేజో రాయొచ్చు. నా మొగ్గు ఇటే. ఎందుకంటే చదవాలా వద్దా, ఎప్పుడు జవాబివ్వాలి అన్నది ఆమె చేతిలో ఉంటుంది. అయితే ఏం రాస్తారన్నది ముఖ్యం. మొదటి మాట వాళ్లమ్మ గురించి ఉండాలి. ఆవిడ మీకు తెలిసిన మనిషే అయితే, మీకు గుర్తున్న ఒక సంగతి రాయండి. తర్వాత, "నువ్వు మాట్లాడాలని వచ్చినప్పుడు నేను నీకు అలాంటి జవాబు పంపాను. అది తప్పు" అని చాలు. వీడియోల ప్రస్తావన వద్దు. మీకు అది కారణం. ఆమెకు అది సాకులా వినిపిస్తుంది. తర్వాత ఎప్పుడైనా మీరిద్దరూ మళ్లీ దగ్గరై, "అసలు అప్పుడు నీకేమైందే?" అని ఆమే అడిగితే, అప్పుడు చెప్పండి. "నన్ను క్షమించు" అని మళ్లీ మళ్లీ రాయొద్దు. అలా రాస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. "జవాబు ఇవ్వాలని ఏమీ లేదు" అని రాయండి, రాశాక నిజంగానే ఎదురుచూడకుండా ఉండటానికి ప్రయత్నించండి. అది మాత్రం కష్టమే.

లేదా ఏమీ చేయకపోవచ్చు. ఆమెను మళ్లీ కదిలించడం ఎందుకని మీకు అనిపిస్తే అదీ ఒక దారే. కానీ అది ఆమె మేలు కోరి అనుకుంటున్నారా, ఆమె ఏమంటుందోనన్న భయంతో అనుకుంటున్నారా అన్నది మీకే తెలియాలి. ఏడాదిన్నర ఊరుకున్నారు. ఇంకో ఏడాది ఊరుకుంటే మెసేజ్ రాయడం ఇంకా కష్టమవుతుంది గానీ తేలికవదు.

ఒక చిన్న మాట కూడా చెప్పాలి. ఎప్పుడూ మీరే ఫోన్ చేయాల్సి వస్తోందన్న మీ బాధ అబద్ధం కాదు. స్నేహం మళ్లీ కుదిరితే ఆ సంగతి ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకోవాలి. "నువ్వు ఫోన్ చేస్తే నాకు బాగుంటుంది" అని ఆమెతో అని ఉంటే సరిపోయేదానికి, ఆమెకు చెప్పకుండా పరీక్ష పెట్టారు. పరీక్ష జరుగుతోందని తెలియని మనిషి అందులో నెగ్గే దారి లేదు.

ఇక మీ ఆయన. ఆ ఒక్క మాటలో ఆయన అసలు విషయం చెప్పేశారనిపిస్తోంది నాకు. ఆదివారం కూర్చోవడం మీద ఆయనకు విముఖత లేదు. మొదట్లో ఉత్సాహంగా కూర్చున్నారని మీరే రాశారు. కూర్చున్నప్పుడు మీరు కాకుండా ఇంకెవరో మాట్లాడుతున్నట్టు ఉండటమే ఆయనకు నచ్చలేదు. నేర్చుకున్న వాక్యాలు తప్పులేకుండా ఉంటాయి. "నువ్వు ఇలా చేసినప్పుడు నాకు ఇలా అనిపిస్తుంది" అన్న వాక్యంలో లోపం పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే అవతలి మనిషికి ఊపిరాడదు. మీకు తెలిసిన భాషలో ఆయనకు ఒక్క ముక్కా రాదు, ఏం మాట్లాడినా తప్పే అవుతుందని ఆయన భయం.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దశాబ్దాల పాటు జంటలు వాదించుకునే తీరును రికార్డు చేసి, ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తూ వచ్చారు. ఆయన లెక్క ప్రకారం దంపతుల మధ్య వచ్చే తగాదాల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరవు. బాగున్న జంటలకు కూడా తీరవు. వాళ్లు వాటితోపాటు, కాస్త నవ్వుకుంటూ, బతకడం నేర్చుకుంటారు. వీడియోల్లో ఇది కనపడదు. ప్రతి వీడియోలోనూ ఒక సమస్య ఉంటుంది, చివరికి పరిష్కారం ఉంటుంది. అవి చూసి చూసి, తీరని ప్రతి విషయమూ మన చేతకానితనం అనిపిస్తుంది. మీరిద్దరూ ఆదివారాలు తేల్చుకోలేకపోయిన వాటిలో చాలావరకు ఈ 69లోవే అయ్యుండొచ్చు.

ఇక్కడా ఒకటికి మించి దారులున్నాయి. ఆదివారం కూర్చోవడం పూర్తిగా మానేయొచ్చు. ఆయన ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఏ కారణమూ చెప్పకుండా మానేస్తే, తన మాటకు మీరు నొచ్చుకున్నారని ఆయన అనుకునే ప్రమాదం ఉంది. లేదా అదే కొనసాగిస్తూ పద్ధతి ఆయనకు వదిలేయొచ్చు. ఆయనకు ఎదురెదురుగా కూర్చోవడం కన్నా పక్కపక్కన నడుస్తూ మాట్లాడటం తేలికేమో. కొన్ని వారాలు అసలు విషయమే రాకపోవచ్చు. అది మీరు ఓర్చుకోవాలి. మూడోది, నాకు ఎక్కువ నచ్చింది, ఆయనకు మొత్తం చెప్పేయడం. రాత్రిళ్ల సంగతి, ఆ గొంతులు తోడుగా ఉన్న సంగతి, స్నేహితురాలి సంగతి. ఆయనకు మీ ఏడుపు మాత్రమే తెలుసు, దాని వెనకున్నది తెలియదు. ఇది వింటే ఆయనకూ బాధ కలగొచ్చు. "నేను లేని రాత్రుల్లో నువ్వు అంత ఒంటరిగా ఉన్నావా" అని. ఆ మాట వచ్చినప్పుడు సర్దిచెప్పి దాటేయకండి, ఉన్నానని చెప్పండి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కొందరు భర్తలు దీన్ని నిందగా తీసుకుంటారు. మీ ఆయన ఎలాంటివారో మీకు తెలుసు, సమయం చూసుకోండి.

ఫోన్‌లోంచి అన్నీ తీసేయాలా అన్నారు. తీసేస్తే మొదటి వారం హాయిగా ఉంటుంది. తర్వాత, రాత్రి నిద్ర పట్టనప్పుడు, మళ్లీ అవే వెతుక్కుంటారు. ఎందుకంటే ఖాళీ అలాగే ఉంటుంది. అలాగని కొందరికి పూర్తిగా మానేయడమే పనిచేస్తుంది. మితంగా చూడటం చేతకానివాళ్లు ఉంటారు, అది తప్పేమీ కాదు. మీరు ఆ రకమో కాదో ఓ నెల మానేసి చూస్తే తెలుస్తుంది. అంత వద్దనుకుంటే, మనుషుల మీద తీర్పులు చెప్పే ఛానెళ్లను మాత్రం వదిలేయండి. అలాంటి వీడియో మళ్లీ ఎదురైతే చివరిదాకా చూడకుండా దాటేయండి. ఆసక్తి లేదని చెప్పే ఆప్షన్ దాదాపు అన్ని యాప్‌లలోనూ ఉంటుంది, దాన్ని నొక్కండి. నడక గురించి, పొదుపు గురించి చెప్పేవాళ్లను ఉంచుకోవచ్చు. అయినా నడవడం ఎలాగో మీకు ఇప్పుడు వచ్చు కదా, ఇంకా ఎన్ని వీడియోలు కావాలి?

విడిపోయినామెకు మెసేజ్ పెట్టడంలో తప్పులేదు. ఆమె చదవకపోవచ్చు. ఇప్పుడు ఆమెకు అలాంటివి వేలల్లో వస్తుంటాయి. "ఫలానా రోజుల్లో మీ మాటలు నాకు తోడుగా ఉన్నాయి, థాంక్స్" అన్నంతవరకూ రాయండి. ఎందుకు విడిపోయారని అడగొద్దు. మళ్లీ కలవమని సలహా అసలే వద్దు. ఆమె కాపురం గురించి మీకు తెలిసినది, మీ స్నేహితురాలి గురించి ఆ వీడియో ఆమెకు తెలిసినంతే. పెట్టేదేదో వ్యక్తిగతంగా పెట్టండి, కామెంట్ల కింద వద్దు. అక్కడ ఇప్పటికే ఎవరిది తప్పో తేల్చే పంచాయితీ నడుస్తూ ఉంటుంది.

నిద్ర గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ నాకు అది చిన్న విషయంగా అనిపించలేదు. ఇప్పటికే కొన్ని వారాలైంది. స్నేహితురాలికి రాశాక, ఆయనతో మాట్లాడాక కూడా ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే, ఒక కౌన్సిలర్‌ను గానీ డాక్టర్‌ను గానీ ఎదురుగా కూర్చుని కలవండి. ఎవరో ఛానెల్ వాళ్లు విడిపోతే నిద్ర పోయిందని చెప్పడానికి మొహమాటపడొద్దు. వాళ్లు ఇలాంటివి ఇదివరకే విని ఉంటారు. బాబు పుట్టిన కొత్తలో మీ నిద్ర, మీ మనసు ఎలా ఉండేవో కూడా చెప్పండి. అప్పుడు ఎవరూ అడిగినట్టు లేరు, ఆ సంగతి తెలిస్తే వాళ్లకు మీ సమస్య తొందరగా అర్థమవుతుంది.